తల్లిపాలు, పిల్లికూతలు, రాజ్యం బాధ్యత

ఏటా ఆగస్టు మొదటి వారం వచ్చిందంటే చాలు, ప్రభుత్వాలకు హఠాత్తుగా మాతృత్వం గుర్తుకొస్తుంది. అంగన్‌వాడీ కేంద్రాల ముందు ఫ్లెక్సీలు వెలుస్తాయి. మంత్రులు, కలెక్టర్లు బాలింతల మధ్య నిలబడి ఫొటోలు దిగుతారు. తల్లిపాలు అమృతమన్న మాటతో మొదలైన ఉపన్యాసం ఆ అమృతం దూరం చేసే రోగాల జాబితాతో ముగుస్తుంది. విరేచనాలు, న్యుమోనియా, ఊబకాయం, మధుమేహం, చిట్టచివర ఉబ్బసం. జాబితా ఎంత పొడవైతే ఉపన్యాసం అంతగా రక్తి కడుతుంది. అందులో చాలా భాగం నిజమే. ఉబ్బసం దగ్గరికి వచ్చేసరికి మాత్రం వైద్యశాస్త్రం చెబుతున్నది వేదికల మీద వినిపించేంత సూటిగా లేదు. ఈ తేడాను పరిశోధకుల పేచీ అని కొట్టిపారేయడానికి వీల్లేదు. పసివాడి ఛాతీలో పిల్లికూతలు వినిపించినప్పుడు సంజాయిషీ చెప్పుకోవలసింది తల్లా, రాజ్యమా అన్న ప్రశ్న దానితో ముడిపడి ఉంది.

ముందు శాస్త్రం సంగతి. రెండేళ్లలోపు పిల్లల్లో వినిపించే పిల్లికూతలకు ఎక్కువగా వైరస్‌లే కారణం. ఆ వయసులో శ్వాసనాళాలు సన్నగా ఉంటాయి. జలుబు ఛాతీలోకి దిగిందంటే అవి వాచి, గాలి ఈలలా పలుకుతుంది. తల్లిపాలలోని రోగనిరోధక పదార్థాలు ఈ దశలో బిడ్డకు నిజంగా అండగా నిలుస్తాయి. 2016లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన సమగ్ర సమీక్ష ప్రకారం, తల్లిపాలు శ్వాసకోశ వ్యాధుల్లో దాదాపు మూడో వంతును, విరేచనాల్లో సగాన్ని నివారించగలవు. తల్లిపాలు సార్వత్రికంగా అందితే ప్రపంచవ్యాప్తంగా ఏటా 8 లక్షల 23 వేల మంది పిల్లల ప్రాణాలు నిలుస్తాయని కూడా ఆ సమీక్ష అంచనా కట్టింది. ఇంత బలమైన సాక్ష్యం ఉన్న ప్రజారోగ్య చర్యలు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే ఉంటాయి.

బడి వయసుకు వచ్చాక నిలదొక్కుకునే ఉబ్బసం కథ వేరు. అందులో వంశపారంపర్యం, అలర్జీ, గాలి, పొగ అన్నీ కలగలిసి ఉంటాయి. అదే లాన్సెట్ సమీక్ష ఉబ్బసం మీద 29 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తల్లిపాలు తాగిన పిల్లల్లో ముప్పు 9 శాతం తక్కువగా కనిపించింది. ఇతర కారణాలను గట్టిగా వడపోసిన 16 అధ్యయనాలకే పరిమితమైనప్పుడు ఆ తగ్గుదల గణాంకపరంగా నిలబడలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రెండు వేల మందికి పైగా పిల్లలను ఆరేళ్లపాటు గమనించి 1999లో ప్రచురించిన అధ్యయనం, నాలుగు నెలలు నిండకముందే వేరే పాలు మొదలుపెట్టిన వారిలో ఉబ్బసం ఎక్కువని చెప్పింది. మూడేళ్లు తిరగకుండానే న్యూజీలాండ్‌లోని డునెడిన్ అధ్యయనం దానికి పూర్తిగా ఎదురు మాట చెప్పింది. తల్లిపాలు తాగినవారిలోనే ఉబ్బసం, అలర్జీ ఎక్కువగా కనిపించాయంది. అమెరికాలోని టక్సన్ పరిశోధకులు రెంటికీ మధ్య నిలిచారు. పసితనంలో పిల్లికూతలు తగ్గాయనీ, తల్లికి ఉబ్బసం ఉండి అలర్జీ స్వభావం ఉన్న పిల్లల్లో మాత్రం ఆరేళ్ల తరువాత ముప్పు పెరిగిందనీ వారు తేల్చారు.

ఈ గందరగోళానికి ఒక కారణం సులభంగానే అర్థమవుతుంది. ఇంట్లో ఆయాసం, అలర్జీ ఉన్న తల్లులు జాగ్రత్త కొద్దీ ఎక్కువ కాలం పాలిస్తారు. వారి పిల్లలకు రోగం వంశంలోంచే వచ్చినా లెక్కల్లో అది పాల ఖాతాలో పడుతుంది. పోనీ తల్లులను రెండు వర్గాలుగా విడదీసి ఒక వర్గానికి పాలివ్వవద్దని చెప్పి చూద్దామంటే అది అమానుషం. ఈ చిక్కును తెలివిగా దాటింది బెలారస్‌లో జరిగిన ప్రయోగం. కెనడా వైద్య పరిశోధకుడు మైఖేల్ క్రామర్ బృందం 1990ల ద్వితీయార్ధంలో 31 ప్రసూతి ఆసుపత్రులను ఎంచుకుని, చీటీ పద్ధతిలో కొన్నింటిలో మాత్రమే సిబ్బందికి తల్లిపాల ప్రోత్సాహంపై శిక్షణ ఇచ్చింది. 17,046 మంది తల్లీబిడ్డలు ఇందులో ఉన్నారు. మూడు నెలల వయసుకు తల్లిపాలు మాత్రమే తాగుతున్న పిల్లలు శిక్షణ పొందిన ఆసుపత్రుల వైపు 43.3 శాతం, మిగిలిన వైపు 6.4 శాతం. తొలి ఏడాది విరేచనాలు, చర్మపు దద్దుర్లు స్పష్టంగా తగ్గాయి. ఆ పిల్లలు ఆరున్నరేళ్ల వయసుకు వచ్చాక దాదాపు 14 వేల మందిని మళ్లీ పరీక్షించారు. ఉబ్బసంలో, అలర్జీలో తగ్గుదల ఏమీ కనిపించలేదు.

భారతీయ పాఠకులు గమనించవలసిన మరో ముచ్చట కూడా ఆ ప్రయోగంలో ఉంది. బెలారస్ తల్లులకు అప్పటికే మూడేళ్ల ప్రసూతి సెలవు ఉండేది. ఆసుపత్రిలో ఇచ్చిన సలహా ఇంటికి వెళ్లాక కూడా పనిచేయడానికి కావలసిన తీరిక ఆ తల్లుల చేతిలో ఉంది.

ఇంతకీ తల్లిపాల ప్రాధాన్యం దీనివల్ల రవ్వంత కూడా తగ్గదు. తొలి రెండేళ్ల ఆయాసం నుంచి, ఆసుపత్రి పాలవడం నుంచి, కొన్నిచోట్ల మరణం నుంచి కూడా బిడ్డను కాపాడే పాలకు అదనపు ప్రచారం అక్కర్లేదు. అక్కర్లేని ప్రచారం చేసినప్పుడే చిక్కు వస్తుంది. తల్లిపాలు తాగితే ఉబ్బసం రాదని ప్రభుత్వమే గోడ మీద రాసిందనుకుందాం. ఏడేళ్ల పిల్లవాడికి ఆయాసం పట్టుకుంటే అత్తవారింట్లో వేలు ఎవరివైపు లేస్తుంది? పాలు సరిగా పట్టించలేదన్న మాట కోడలి మీదే పడుతుంది. కాన్పు కోతతో జరిగి, మత్తు వదలని స్థితిలో తొలి గంటలు గడిచిపోయిన తల్లి కూడా ఆ నింద మోయాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్క ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో నలభై రెండు కాన్పులు సిజేరియన్లే. దేశవ్యాప్తంగా ఆసుపత్రి కాన్పులు 88.6 శాతానికి చేరినా, పుట్టిన గంటలోపు ముర్రుపాలు అందుతున్నది 41.8 శాతం మందికే. నాలుగో విడత సర్వేలో అది 41.6 శాతం. ఐదేళ్ల పాలనకు దక్కిన ఫలితం పాయింటులో ఐదో వంతు! కాన్పు ఆసుపత్రిలో, సిబ్బంది చేతుల మీదుగా జరుగుతున్నప్పుడు ఈ వైఫల్యానికి తల్లిని నిలదీయడం ఏ న్యాయం?

ఉబ్బసానికి అసలు ముద్దాయిలు వేరేచోట ఉన్నారు. ప్రపంచంలోని ఉబ్బస రోగుల్లో దాదాపు 13 శాతం భారతదేశంలో ఉంటే, ఉబ్బస మరణాల్లో 42 శాతానికి పైగా ఇక్కడే సంభవిస్తున్నాయని 2019 నాటి అంతర్జాతీయ వ్యాధిభార అధ్యయనం చెబుతోంది. రోగుల వాటాకు మూడు రెట్లకు మించి మరణాల వాటా ఉందంటే ఆ లోపం వైద్యం అందించడంలోనే ఉంది. ఇన్‌హేలర్ మొదలుపెడితే జీవితాంతం దానికి బానిస కావలసిందేనన్న భయం ఊరూరా ఉంది. దాన్ని పోగొట్టేందుకు ఏ మంత్రీ ఫ్లెక్సీ కట్టించడు. పీల్చే స్టెరాయిడ్ మందు అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో ఉంది కానీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లిన ఆయాసపు బిడ్డకు చాలాచోట్ల దక్కేది దగ్గు సిరపే.

ఇక పొగ. 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ప్రధాని ప్రారంభించిన ఉజ్వల పథకం వంటింట్లోకి గ్యాస్ పొయ్యిని తెచ్చిన మాట కాదనలేనిది. దాని రాజకీయ ఫలితం ఎన్నికల్లో కూడా కనిపించింది. అయినా ఐదో విడత సర్వే నాటికి వంటకు శుభ్రమైన ఇంధనం వాడుతున్న ఇళ్లు 58.6 శాతమే. మిగిలిన ఇళ్లలో బాలింత కట్టెల పొయ్యి ముందు కూర్చుని, బిడ్డను ఒళ్లో పెట్టుకునే వండుతుంది. ఒకే ఊపిరిలో ఆ బిడ్డకు అమ్మపాలూ అందుతాయి, పిడకల పొగా అందుతుంది. నగరాల్లో ఈ పొగ రూపం మారుతుంది. గాలిలోని సూక్ష్మ ధూళి ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు మించకూడదని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబితే, భారత ప్రమాణం ఇప్పటికీ 40 దగ్గరే ఉంది. ఢిల్లీలో ఏటా చలికాలం మొదట్లో గాలి విషమించగానే బడులు మూసి చేతులు దులుపుకుంటారు. పక్క రాష్ట్రాల రైతుల మీద నింద మోపుకుంటూ పార్లమెంటు సమావేశాలను దాటించేస్తారు.

తల్లిపాల ప్రయోజనాలను పెంచి చెప్పడం వల్ల మరొక నష్టం ఉంది. అతిశయోక్తి ఒకసారి బయటపడితే అసలు సత్యం మీద కూడా అనుమానం పుడుతుంది. ఆ అనుమానం కోసం కాచుకుని కూర్చున్న వ్యాపారం ఏటా 5,500 కోట్ల డాలర్ల విలువైనది. డబ్బాపాల కంపెనీలకు అలర్జీ అన్న మాట బంగారు గని. ప్రొటీన్లను ముందే విడగొట్టిన ప్రత్యేక ఫార్ములా పాలు ఎగ్జిమాను, అలర్జీని అడ్డుకుంటాయన్న ప్రచారం దశాబ్దాలపాటు సాగింది. దానికి దన్నుగా నిలిచిన పరిశోధనల్లో ఒకటి భారత సంతతికి చెందిన కెనడా శాస్త్రవేత్త రంజిత్ చంద్ర 1989లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించినది. ఆయన పనిచేసిన విశ్వవిద్యాలయం జరిపిన విచారణలో అక్రమాలు జరిగినట్లు 1990లలోనే తేలినా లోకానికి తెలియలేదు. కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ 2006లో ఆ గుట్టు రట్టు చేసింది. సదరు జర్నల్ ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకున్నది 2015లో. అంటే 26 ఏళ్లు. ఆయనకు కెనడా ఇచ్చిన అత్యున్నత పౌర గౌరవం కూడా ఆ ఏడాదే రద్దయింది. మరుసటి ఏడాది అదే జర్నల్ ఆ తరహా పాల మీద వచ్చిన పరిశోధనలన్నింటినీ కలిపి చూసి, అలర్జీని నిరోధిస్తాయనడానికి నిలకడైన ఆధారం లేదని తేల్చింది. ఆ 26 ఏళ్లలో ఎన్ని దేశాల్లో ఎంతమంది తల్లులు ఆ డబ్బా మీది మాటను నమ్మి ఉంటారో ఏ విచారణ సంఘమూ లెక్కగట్టలేదు.

ఈ వ్యాపారానికి కళ్లెం వేయడంలో భారతదేశానికి గర్వించదగిన చరిత్రే ఉంది. 1981 మేలో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సభ పోతపాల విక్రయాలపై అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. అనుకూలంగా 118 దేశాలు ఓటు వేశాయి. వ్యతిరేకించిన ఏకైక దేశం అమెరికా. ఆ సభలో ఇందిరాగాంధీ స్వయంగా ప్రసంగించారు. రెండేళ్లకు భారత్ సొంత జాతీయ నియమావళిని తెచ్చుకుంది. దానికి చట్టరూపం వచ్చింది మాత్రం పి.వి. నరసింహారావు హయాంలో. బాబ్రీ మసీదు కూలి దేశం అట్టుడుకుతున్న 1992 డిసెంబరు నెలాఖరులో ఆ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. విదేశీ పెట్టుబడులకు తలుపులు బార్లా తెరిచిన ప్రభుత్వమే, పసిబిడ్డ నోటి దగ్గర మాత్రం మార్కెట్‌కు అడ్డుగోడ కట్టింది. పి.వి. సంస్కరణల గురించి పుస్తకాలకు పుస్తకాలు రాసినవారు ఈ చట్టాన్ని ఒక్క వాక్యంతో కూడా తలుచుకోరు. 2003లో వాజపేయి ప్రభుత్వం దీన్ని మరింత బిగించింది. రెండేళ్లలోపు పిల్లల పోతపాలకు, సీసాలకు, శిశు ఆహారాలకు ప్రకటనలు నిషిద్ధం. ఉచిత నమూనాలు నిషిద్ధం. వైద్యులకు కానుకలు, సదస్సులకు కంపెనీల సొమ్ము నిషిద్ధం. పార్టీలకు అతీతంగా, ఒక ప్రభుత్వం తరువాత మరొకటి ఒకే దిశలో నడిచిన అరుదైన సందర్భమిది.

చిక్కంతా అమలులో ఉంది. ఆ చట్టం కింద ప్రకటనల నిషేధాన్ని ఉల్లంఘిస్తే మూడేళ్ల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా. జైలు సంగతి అటుంచితే, ఆ జరిమానా పెద్ద కంపెనీలకు టీ ఖర్చుకు సరిపోదు. పైగా ప్రకటన ఇప్పుడు టీవీలో రాదు. ఫోనులో, తల్లుల వాట్సాప్ గ్రూపులో, ముచ్చటైన వీడియోలో సలహా రూపంలో వస్తుంది. దాన్ని పట్టుకునే యంత్రాంగం ఏ జిల్లా అధికారి చేతిలోనూ లేదు. 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ సంస్థ, ఒక బహుళజాతి కంపెనీ ఐరోపాలో చక్కెర కలపకుండా అమ్మే శిశు ఆహారాన్ని భారత్‌లో చక్కెర కలిపి అమ్ముతోందని బయటపెట్టాకే ఢిల్లీలో నియంత్రణ సంస్థలు కదిలాయి.

అంతర్జాతీయ వేదికల మీద ఒత్తిడి ఎలా ఉంటుందో 2018లో మరోసారి తేటతెల్లమైంది. తల్లిపాలపై తీర్మానం ప్రవేశపెట్టబోయిన ఈక్వడార్‌ను, వెనక్కి తగ్గకపోతే వాణిజ్య ఆంక్షలు తప్పవని, సైనిక సాయం ఆపేస్తామని అమెరికా ప్రతినిధులు బెదిరించినట్లు న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఈక్వడార్ తప్పుకుంది. చివరికి ఆ తీర్మానాన్ని భుజాన వేసుకున్నది రష్యా. చనుబాల చుట్టూ అగ్రరాజ్యాల తగవు! నవ్వాలో ఏడవాలో తెలియని ఆ ఉదంతం తరువాత ట్రంప్ ఇచ్చిన సమాధానం, పేద తల్లులకు ఫార్ములా పాలను దూరం చేయకూడదని. పేద తల్లుల మీద ప్రేమ అన్ని దేశాల్లోనూ ఇలాంటప్పుడే ఉబికి వస్తుంది.

భారత్‌లో పేద తల్లికి దక్కుతున్నదేమిటి? 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. ఆరు నెలలపాటు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనకు అది చక్కగా సరిపోతుంది. 2020 సామాజిక భద్రతా స్మృతిలోకి కూడా అదే నిబంధన వచ్చి చేరింది. అయితే పదిమందికి తక్కువ పనిచేసే దుకాణం ఆ పరిధిలోకి రాదు. శిశు సంరక్షణ గది ఉండాలంటే యాభైమంది ఉద్యోగులుండాలి. పత్తి తీసే కూలికి, ఇటుక బట్టీలో పనిచేసే వలస కార్మికురాలికి, ఇళ్లలో పాచిపని చేసే మనిషికి ఆ చట్టం పేరు కూడా తెలియదు. దేశంలోని శ్రామిక స్త్రీలలో అత్యధికులు వీళ్లే. చట్టం వర్తించే చోట కూడా ఆ 26 వారాల వేతనభారం పూర్తిగా యజమాని మీదే పడింది. ఈ ఖర్చును సామాజిక బీమా ద్వారానో, ప్రభుత్వ నిధుల నుంచో భరించాలని, యజమాని ఒక్కరి నెత్తిన వేయరాదని 2000 సంవత్సరపు అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చెబుతుంది. భారత్ దాన్ని నేటికీ ఆమోదించలేదు. పెళ్లీడు అమ్మాయిని ఉద్యోగంలోకి తీసుకోవాలా అని చిన్న యజమాని ఒకటికి రెండుసార్లు ఆలోచించే పరిస్థితి అలా దాపురించింది.

ఉబ్బసం పరిశోధన ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. కెనడాలో పిల్లలపై జరిగిన ఒక అధ్యయనం 2017లో ఆసక్తికరమైన సంగతి చెప్పింది. మూడేళ్ల వయసులో ఉబ్బసపు లక్షణాలు అన్నింటికన్నా తక్కువగా ఉన్నది నేరుగా రొమ్ము పాలు తాగిన పిల్లల్లో. పంపుతో పిండి, నిలవ ఉంచి, సీసాతో పట్టిన తల్లిపాలకు ఆ స్థాయి రక్షణ కనిపించలేదు. ఒక్క అధ్యయనాన్ని పట్టుకుని తీర్పు చెప్పడం పొరపాటే అవుతుంది. అయినా అది సూచిస్తున్న దిశ విధానకర్తలకు ఇబ్బందికరమైనదే. పాలు తల్లి శరీరం నుంచి విడదీసి పంపిణీ చేయగల సరుకు కాకపోతే, తల్లీబిడ్డలు కలిసి ఉండగలిగే సమయాన్ని కొనివ్వక తప్పదు. సమయానికి ధర ఉంటుంది. ఆ ధర ఎవరు చెల్లిస్తారన్న దగ్గరే ప్రతి ఆగస్టు ఉపన్యాసమూ ఆగిపోతుంది.

చట్టసభల్లోనే ఆ సమయం దొరకదు. 2017లో అస్సాం ఎమ్మెల్యే అంగూర్‌లతా డేకా పసిబిడ్డకు పాలివ్వడానికి శాసనసభలో ఒక గది అడగవలసి వచ్చింది. 2022 డిసెంబరులో మహారాష్ట్ర ఎమ్మెల్యే సరోజ్ అహిరే రెండున్నర నెలల బిడ్డను ఎత్తుకుని నాగపూర్ శీతాకాల సమావేశాలకు వచ్చారు. ఆ రాష్ట్రంలో పాలిచ్చే గదులకు హిర్కణి పేరు పెడతారు. చీకటిపడి రాయగఢ్ కోట తలుపులు మూసుకుపోతే, కింద ఊళ్లో ఉన్న బిడ్డ కోసం కొండ అంచు పట్టుకుని దిగివెళ్లిన శివాజీ కాలపు పాలమ్మి ఆమె. పేరు గొప్పగానే ఉంది. పాలిచ్చే గదుల విషయంలో కేంద్రం రాష్ట్రాలకు పంపిన సూచనలను మళ్లీ గుర్తుచేయమని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పవలసి రావడాన్ని బట్టి హిర్కణికి ఇంకా కొండ దిగడం తప్పలేదని అనుకోవాలి.

గదుల కన్నా ముందు తేలవలసినది డబ్బు. 2013 ఆహార భద్రతా చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం గర్భిణికి, బాలింతకు 6,000 రూపాయలకు తగ్గని ప్రసూతి సాయం అందాలి. ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులకు, ఏదైనా చట్టం కింద ఇలాంటి ప్రయోజనాలు పొందేవారికే మినహాయింపు. 2017లో ప్రధానమంత్రి మాతృవందన యోజనగా ఆచరణలోకి వచ్చేసరికి అది మొదటి బిడ్డకే పరిమితమై 5,000కు దిగింది. తరువాత రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 ఇస్తామన్నారు. డబ్బాపాల కంపెనీ చట్టం మీరితే పడే గరిష్ఠ జరిమానా, బిడ్డను కన్న తల్లికి కేంద్రం ఇచ్చే సాయం ఒకే మొత్తమని ఆ దస్త్రాలు చూసినవారెవరికీ తట్టలేదేమో. రాష్ట్రాలు ఇంతకన్నా ఉదారంగా ఉండగలవని తమిళనాడు ముత్తులక్ష్మీ రెడ్డి పథకం కింద 18,000 ఇచ్చి చూపింది. కేసీఆర్ కిట్ పేరిట తెలంగాణ 2017లో 12,000, ఆడపిల్ల పుడితే 13,000 మొదలుపెట్టింది. ఆ ఏడాది డిసెంబరులోనే జీన్ డ్రెజ్ సహా అరవైమంది ఆర్థికవేత్తలు ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీకి లేఖ రాశారు. చట్టంలో ఉన్నది ఉన్నట్టు అమలు చేయమని అందులో అడిగారు. ఆ తరువాత ఎన్నో బడ్జెట్లు వచ్చాయి. ఏ బిడ్డకు సాయమో, ఎన్నో బిడ్డకు సాయమో ఆహార భద్రతా చట్టం అడగలేదు. ప్రతి గర్భిణి, ప్రతి బాలింత అని అది రాసుకున్న మాట పన్నెండేళ్లు దాటినా చట్టంలో అలాగే ఉంది.